మల్లికార్జున్ సారు గొంతు

మహబూబ్‌నగర్,
జూన్ 2025

వర్షితా,

కవరు మీద నా చేతిరాత చూసి, మామకు ఇదేం బుద్ధి అని నవ్వుకుని ఉంటావు. నవ్వుకో. హైదరాబాద్ దవాఖానలో నా గొంతుకు ఆపరేషన్ అయిన సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. స్వరపేటిక మీద చిన్న గడ్డ. పరీక్షకు పంపారు, భయపడేదేమీ లేదన్నారు. కానీ కొన్నాళ్లు నోరు తెరవొద్దట. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆచితూచి మాట్లాడాలట. గుసగుసలు కూడా పనికిరావన్నాడు డాక్టరు.

మీ అత్త ఆ మాట పట్టుకుని నా ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. "నువ్వు మెసేజ్ పెడితె వాళ్లు ఫోన్ చేస్తరు. చేస్తె ఎత్తుతవ్. ఎత్తితె ఆగవ్" అని నాగరాణి వాదన. నా సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. అందుకే ఈ కాగితం.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఎంబీఏ అయ్యాక మహిళా సంఘాల దుకాణాలు చూసుకుంటూ ఊళ్లు తిరిగావు. సొంతంగా బిజినెస్ కోచింగ్‌లోకి వద్దామని పోయిన సంక్షేమ మేళాలో నాతో అన్నావు. ఇదే అదను. నల్లగొండ వైపు నా దగ్గర నేర్చుకుంటున్న వ్యాపారులను నువ్వు చూసుకో. అందరిలోకీ ముందు మోత్కూర్ లక్ష్మీనర్సమ్మను కలువు. చీరల దుకాణం. వెనుక గదిలో జాకెట్లు కుట్టే మిషన్లు. నా శిక్షణలకు అన్నిటికీ వచ్చింది, ముందు వరుసలో కూర్చునేది. ఆ కుట్టుడు పని ఆపేసి మెయిన్ రోడ్డు మీద పెద్ద రెడీమేడ్ షోరూం పెట్టాలన్నది ఆమె ఆలోచన. మంచి ఆలోచన. ధైర్యమే తక్కువ. నువ్వు పోయి ఆ ధైర్యం చెప్పు చాలు.

నా గురించి ఫికర్ వద్దు. గొంతు మళ్లీ వస్తుంది, హాలు మళ్లీ నిండుతుంది.

నీ మామ,
మల్లికార్జున్


నల్లగొండ,
జూలై 2025

మామా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "వాడు మాట్లాడకుంట ఎట్ల ఉన్నడో చూసి రావాలె" అంటోంది. ఈ ఆదివారం మీ ఇంటికి బయలుదేరుతుందేమో, చూసుకో.

మోత్కూర్ వెళ్లాను. లక్ష్మీనర్సమ్మగారు నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఉపన్యాసం మొదలుపెడతానని చూస్తున్నారు. "మీరు మీ పని చేసుకోండి, నేను ఊరికే కూసుంట" అన్నాను. ఆమెకు నచ్చలేదు. "సారు వస్తె బోర్డు మీద రాసి చెప్తడమ్మా" అన్నారు. అయినా కూర్చున్నాను.

నాకు కనిపించింది చెప్తా. లోపలికి వచ్చే ఆడవాళ్లు చీరల వైపు చూడటం లేదు. నేరుగా వెనుక గది గుమ్మం దగ్గరికి పోతున్నారు. "సుక్కమ్మక్కా, ఉన్నవా?" అని కేక. సుక్కమ్మ అంటే అక్కడ పెద్ద దర్జీ, నలభై దాటిన మనిషి. కొలతలు ఇస్తూ, ఇంటి సంగతులు చెప్పుకుంటూ, తిరిగిపోయేటప్పుడు ఒక చీర చేతిలోకి తీసుకుని "దీనికి ఏ రంగు జాకెట్ బాగుంటదక్కా?" అని ఆమెనే అడుగుతున్నారు. అట్లా అమ్ముడుపోతున్నాయి చీరలు. ఆ గది తీసేస్తే దుకాణంలోకి ఎందుకు వస్తారు? మెయిన్ రోడ్డు మీద అట్లాంటి షోరూములు ఇప్పటికే ఉన్నాయి.

నేను ధైర్యం చెప్పలేదు మామా. తొందరపడొద్దని చెప్పాను.

ఇంకో సంగతి. దేవరకొండలో గొర్రెల దాణా అమ్మే పరమేష్ నీ పాత విద్యార్థి. నేను చెప్పేదంతా విని, జేబులోంచి ఫోన్ తీసి అదే ప్రశ్న అందులోని ఏఐని అడిగాడు. అదీ దాదాపు నేను చెప్పినట్టే చెప్పింది. "మరి నువ్వెందుకు వచ్చినవ్ మేడం?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అంతలో ఒక గొర్లకాపరి వచ్చి, అడిగిన దాణా లేకపోతే మాట్లాడకుండా వెళ్లిపోయాడు. "ఆయన మళ్ల వస్తడా?" అన్నాను. పరమేష్ తల గోక్కుని "రాడు" అన్నాడు. ఆయన వెళ్లిపోవడం ఫోను చూడలేదు, నేను చూశాను. అందుకే వచ్చానని చెప్పాను. వచ్చే వారం మళ్లీ రమ్మన్నాడు.

ఈ పని నాకు వచ్చేలా ఉంది మామా.

వర్షిత


మహబూబ్‌నగర్,
జూలై 2025

వర్షితా,

మీ అమ్మ వచ్చి పోయింది. ఒక పూట అంతా ఆమె మాట్లాడింది, నేను విన్నాను. చిన్నప్పటి కక్షలన్నీ తీర్చుకుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, దాచను. తొందరపడొద్దని చెప్పడానికి లక్ష్మీనర్సమ్మకు ఇంట్లోవాళ్లు చాలరా? ఆ మాట అందరూ చెప్తారు. వద్దనేవాళ్ల మధ్యలో ఒక్కడు కానీయ్ అంటాడు, అందుకే వ్యాపారి మన దగ్గరికి వస్తాడు.

నీకు ఆ రోజులు తెలియవు. మన రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పుకునేవాణ్ని. అప్పటిదాకా ఇక్కడికి శిక్షణ ఇవ్వడానికి వచ్చేవాళ్లు టై కట్టుకుని, సగం ఇంగ్లీషు, సగం మనది కాని తెలుగు మాట్లాడేవాళ్లు. మనవాళ్లు చప్పట్లు కొట్టి, అన్నం తిని, ఇంటికి పోయేవాళ్లు. నేను ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని, మైకు పట్టుకుని, "ఏందే అంజన్నా, దుకాణం ఎట్ల నడుస్తాంది?" అని మొదలుపెట్టాను. హాలు మొత్తం నా వైపు తిరిగింది. వాళ్ల యాసలో వ్యాపారం గురించి ఒక మనిషి స్టేజీ మీద మాట్లాడటం వాళ్లు వినడం అదే మొదలు. "జాగా పెంచు, సరుకు పెంచు, భయం తగ్గించు" అని వాళ్లతో అనిపించేవాణ్ని. నారాయణపేట నుంచి సూర్యాపేట దాకా ఆ మాట మీద దుకాణాలు లేచాయి. అది అబద్ధం కాదు.

నువ్వు కూర్చుని చూడు, తప్పులేదు. కానీ చూసినంత మాత్రాన కోచ్ కాలేవు. తోయాలి.

ఇక్కడికి హైదరాబాద్ నుంచి ఒకాయన పని మీద వచ్చి పోతున్నాడు. తేలాక చెప్తాను.

మామ


నల్లగొండ,
ఆగస్టు 2025

మామా,

కోపం వస్తే రానీ, నేను నిలబడిన చోటే నిలబడ్డాను. లక్ష్మీనర్సమ్మగారి దగ్గరికి మళ్లీ పోయాను. ఈసారి ఆమే కూర్చున్నారు, నా పక్కన, తన దుకాణంలో కొనడానికి వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద. సాయంత్రానికి ఆమే అన్నారు, "గిట్ల కూసొని నా దుకాణం నేనెన్నడు చూడలె." దసరా దాకా ఏదీ మార్చొద్దని ఇద్దరం అనుకున్నాం. బతుకమ్మ జాకెట్లన్నీ కుట్టి ఇచ్చాక, షోరూం సంగతి అప్పుడు.

నువ్వు యాస గురించి రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. నాకు కూడా గర్వమే. అది వేరు, ఇది వేరు.

హైదరాబాద్ ఆయన ఎవరు?

వర్షిత


నల్లగొండ,
ఆగస్టు చివర

మామా,

నువ్వు జవాబు రాయకముందే ఇది రాస్తున్నాను. ఒక్కటే అడుగుతా. లక్ష్మీనర్సమ్మగారికి నువ్వు ఫోన్ చేశావా?

నిన్న మోత్కూర్ పోయేసరికి వెనుక గది ఖాళీ. మిషన్లు గోడకు జరిపి పెట్టారు. సుక్కమ్మ లేదు. ఆమెతోపాటు కుట్టే ఇద్దరు ఆడవాళ్లూ లేరు. మెయిన్ రోడ్డు మీద జాగా మాట్లాడుకున్నారట.

"దసరా దాకా ఆగుదమనుకున్నం గదా" అన్నాను.

"అనుకున్నం. గని సారే నాతోని మాట్లాడిండు" అన్నారు. ఆ ముఖంలో ఎంత సంతోషమో. "నువ్వు చిన్నదానివి బిడ్డా, ఏమనుకోకు. సారు చెప్పినంక నేను ఆగలేను."

డాక్టరు మాట కాదని ఎట్లా మాట్లాడావా అనుకున్నాను. అంతలో ఆమె ఫోన్ తీసి వినిపించారు. నీ శిక్షణల్లో పేరు రాయించుకున్నవాళ్లందరికీ ఒక యాప్ వచ్చిందట. ప్రశ్న అడిగితే జవాబు చెప్తుంది. ఆమె అడిగిన ప్రశ్న కుట్టుడు పని ఉంచాలా తీసెయ్యాలా అని. జవాబు నీ గొంతు. దగ్గు కూడా నీదే.

"ఇంకెన్ని దినాలు గా మిషన్ల సప్పుడు ఇనుకుంట కూసుంటవమ్మా? నీకు చేతనైతది. జాగా పెంచు, సరుకు పెంచు, భయం తగ్గించు."

అది నువ్వు కాదని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆమెను పేరు పెట్టి కూడా పిలవలేదు అది. నువ్వైతే ముందు పేరు పెట్టి పలకరిస్తావు. కానీ ఆమెకు ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? సుక్కమ్మను తీసెయ్యమని ఆమె గుండె ఎన్నడూ చెప్పలేదు. నీ గొంతు చెప్పింది.

ఇది నీకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా? తిన్నగా రాయి.

వర్షిత


మహబూబ్‌నగర్,
సెప్టెంబర్ 2025

వర్షితా,

సగం తెలిసి జరిగింది.

ఆ హైదరాబాద్ మనిషి పేరు నవీన్‌కుమార్. ఒక యాప్ కంపెనీ తరఫున వచ్చాడు. మంచివాడే, పెద్దలంటే గౌరవం ఉంది. "సార్, మీ పాత వీడియోలు ఇస్తే మీ గొంతు మేం తయారు చేస్తాం. మీరు విశ్రాంతి తీసుకున్నా మీ గొంతు పని చేస్తనే ఉంటది" అన్నాడు. నేను అప్పుడు నోటితో ఒక్క మాట పలకలేని స్థితిలో ఉన్నాను. మందుల దుకాణంలో గోలీ కావాలంటే కాగితం మీద రాసి చూపించాను. ఆ కుర్రాడు కాగితం చదవకుండానే "చెవుడా?" అని గట్టిగా అరిచాడు. ఆ రోజే సంతకం పెట్టాను. నీకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు కాదు. నువ్వు వద్దంటావని తెలుసు.

ముందు ఆఫీసులోనే పరీక్షించుకుంటామన్నారు. జనంలోకి వదిలేముందు నాకు వినిపిస్తామన్నారు. వినిపించలేదు. నా ఫోను బీరువాలో ఉన్నదన్న సంగతి వాళ్లకు తెలియదు, ఫోన్ చేసి ఊరుకుని ఉంటారు.

నీ ఉత్తరం చదివి నాగరాణికి ఇచ్చాను. చదివింది, బీరువా తెరిచింది, ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇద్దరం కూర్చుని విన్నాం. నేను రకరకాలుగా అడిగాను. నష్టాల్లో ఉన్న కిరాణా గురించి అడిగితే జాగా పెంచమంది. కొడుకు వద్దంటున్న హోటల్ గురించి అడిగితే భయం తగ్గించమంది. నేను దాన్ని తిట్టబోయాను. మీ అత్త ఆపి, "దాన్ని తిట్టకు. అది నీ తానే నేర్చుకున్నది" అంది.

అదే నన్ను పట్టుకున్నది. ఆ యంత్రం అబద్ధం ఆడలేదు వర్షితా. స్టేజీ మీద నేను అన్నదే అన్నది. హాల్లో వందల మందికి ఒకటే మాట చెప్పినప్పుడు అందులో ఎవరికి సరిపోయింది, ఎవరికి సరిపోలేదు అని నేను వెనక్కి తిరిగి చూడలేదు. లేచిన దుకాణాలు నా దగ్గరికి స్వీట్ డబ్బాలతో వచ్చేవి. లేవనివి రాలేదు. రానివాళ్లు లేరనుకున్నాను.

నవీన్‌కుమార్‌కు యాప్ ఆపమని రాశాను. ఇక మిగిలింది మోత్కూర్. ఇప్పుడు కొంచెం మాట్లాడనిస్తున్నారు. నేను పోతాను. నువ్వు రావొద్దు. ఆ గొంతు నాది, సమాధానం నేనే చెప్పుకోవాలి. వీలైతే సుక్కమ్మ ఎక్కడుందో కనుక్కో.

మామ


మోత్కూర్,
సెప్టెంబర్ 2025

వర్షితా,

లక్ష్మీనర్సమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. బస్సుకు ఇంకా సమయం ఉంది.

పొద్దున దుకాణం తెరిచే వేళకు వచ్చాను. నన్ను చూసి చేతులు జోడించి, "సార్, మీరు చెప్పినట్టే చేసిన" అంది. నా గొంతు ఇప్పుడు ఇసుక మీద చెప్పుల చప్పుడులా ఉంది. ఆమె ఉలిక్కిపడింది. ఫోన్‌లో విన్న గొంతు వేరు, ఎదురుగా ఉన్నది వేరు.

"ఫోన్ల మాట్లాడింది నేను కాదమ్మా" అన్నాను.

"మీరే సార్. నేనిన్న."

"గొంతు నాదే. మాటలు గూడ నావే. గని నిన్ను చూసి చెప్పినయి కావు."

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆమెకు వచ్చిన కోపం ముందు నేను నిలబడలేకపోయాను. అరవలేదు. అరిచినా బాగుండేది. "సుక్కమ్మ పెండ్లి కాకముందు కెల్లి నా తాన కుడుతాంది. మొఖం చూసి చెప్పలేక, సారు చెప్పిండమ్మా అని మీ పేరు జెప్పిన. ఇగ నేను ఎవల మాట నమ్మాలె సార్?"

"ఇయ్యాల నన్ను ఇక్కడ కూసోనియ్యి" అన్నాను. నువ్వు కూర్చున్న బల్ల మీదే కూర్చున్నాను.

ఆడవాళ్లు సంచుల్లో జాకెట్ బట్టలతో వచ్చారు. గుమ్మం దాకా పోయి, ఖాళీ గది చూసి, "సుక్కమ్మక్క లేదా?" అని అడిగి, సంచి చంకన పెట్టుకుని పోయారు. బతుకమ్మ ముందర. చీరల వైపు చూసినవాళ్లు లేరు. లక్ష్మీనర్సమ్మ ఒక్కొక్కరికీ ఏదో చెప్పబోయి ఆగిపోయేది. ఏదో ఒకటి చెప్పి ఆమెను ముందుకు తోయాలనిపించింది, అలవాటు కదా. నోరు మూసుకున్నాను. డాక్టరు కోసం కాదు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమే అంది, "సుక్కమ్మ ఏడున్నదో మీ వర్షితకు తెలుసా?" నీ మెసేజ్ చూపించాను. నల్లగొండలో ఆడబిడ్డ ఇంట్లో ఉందని రాశావు కదా. "నేనే పోత. మీరు రాకుండ్రి. వర్షిత గూడ వద్దు" అంది. చీర మార్చుకుని బస్సు ఎక్కింది. నాకు దుకాణం అప్పజెప్పి పోయింది. పదేళ్ల కోచింగ్‌లో నేను ఒక్క రోజు కూడా గల్లా వెనుక కూర్చోలేదు వర్షితా. ఒకామె పరికిణీ గుడ్డ అడిగితే ఎక్కడుందో తెలియక మొత్తం కిందికి లాగాను. ఆమే మడత పెట్టి పోయింది.

లక్ష్మీనర్సమ్మ తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. కాళ్లు కడుక్కుని, "టీ తాగి పోండ్రి సార్" అంది. అంతే. సుక్కమ్మ ఏమందో నీకు తెలిస్తే రాయి.

మామ


నల్లగొండ,
అక్టోబర్ 2025

మామా,

దసరా శుభాకాంక్షలు ఆలస్యంగా. అత్తకు కూడా చెప్పు.

పండుగ పోయాక మోత్కూర్ వెళ్లాను. వెనుక గదిలో మిషన్ల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తోంది. సుక్కమ్మ తిరిగి వచ్చింది. మిగతా ఇద్దరిలో ఒకామే వచ్చింది. రెండో ఆమె భువనగిరిలో వేరే చోట కుదురుకుంది, రానంది. ఆ కొరత అట్లాగే ఉంది. కొన్ని జాకెట్లు పండుగకు అందలేదట, కొందరు అలిగారట.

ఆ రోజు ఆడబిడ్డ ఇంట్లో ఏం జరిగిందో సుక్కమ్మ చెప్పింది. లక్ష్మీనర్సమ్మగారు గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాది" అన్నారట. ఈమె వెంటనే ఒప్పుకోలేదు. "నన్ను పంపాలంటె నువ్వే చెప్పాలె. వాళ్లు చెప్పిన్రు, వీళ్లు చెప్పిన్రు అనొద్దు. గట్లైతెనే వస్త" అందట. ఇంకో మాట కూడా. లాభం వచ్చిన నెల కూలీ మీద కొంత కలిపి ఇవ్వాలని. ఆమె రెండింటికీ సరే అన్నారట.

షోరూం జాగా వదులుకున్నారు. అయితే లక్ష్మీనర్సమ్మగారు చిన్నబోయి కూర్చోలేదు. పక్క షట్టర్ ఖాళీ అవుతుందట, దాన్ని తీసుకుని మిషన్లు పెంచుతారట, కుట్టుడు నేర్చుకునే అమ్మాయిలను పెడతారట. నేను చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. నన్ను పిలిచింది సలహాకు కాదు, తను అనుకున్నదాంట్లో తప్పేమన్నా కనిపిస్తుందా చూడమని. రెండు కనిపించాయి, చెప్పాను. ఒకటి ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా సంగతి. గడియారం స్తంభం దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నాను. పరమేష్ కేతేపల్లి హైవే మీద టిఫిన్ హోటల్ నడిపే తన బావకు నా పేరు చెప్పాడు. ఆయన ఇంకొకరికి చెప్పాడు. మొదటి మాటలు, లెక్కలు అన్నీ వాళ్లు ఫోన్‌లోనే తెలుసుకుని వస్తున్నారు. మంచిదే, నాకు ఆ పని తప్పింది. దుకాణంలో కూర్చోవడానికి మాత్రం నేను ఒక్కదాన్నే, సరిపోవడం లేదు.

నువ్వు రా. వారానికి రెండు రోజులు. జీతం నేను ఇస్తాను, నా కింద పని చేస్తావు. స్టేజీ ఉండదు. ఆలోచించి చెప్పు, కానీ ఎక్కువ ఆలోచించకు.

వర్షిత


మహబూబ్‌నగర్,
నవంబర్ 2025

వర్షితా,

నీ ఉత్తరం నాగరాణి గట్టిగా చదివింది. "నా కింద పని చేస్తావు" దగ్గర ఆగి, మళ్లీ చదివి, కడుపు పట్టుకుని నవ్వింది.

నవీన్‌కుమార్ వచ్చాడు. యాప్ నుంచి నా గొంతు తీసేశారు. అతను నొచ్చుకోలేదు. "మీ గొంతుకే ఎక్కువ మంది వచ్చిన్రు సార్" అన్నాడు. వచ్చినవాళ్లలో దాని మాట విని ఏదైనా మార్చుకున్నవాళ్ల పేర్లు అడిగి తీసుకున్నాను. ఒక్కొక్కరి దగ్గరికి పోతున్నాను. కొందరి ముందర తలవంచాల్సి వచ్చింది. ఇద్దరు మాత్రం, ఆ మాట వల్లనే బాగుపడ్డామన్నారు. దానికీ కాదనలేదు.

స్టేజీ ఉండదన్నావు. ఆ ఒక్కటి ఒప్పుకోను. హాల్లో నిండుగా మనుషులు కూర్చోవడం నాకు ఇష్టం, దాని గురించి నీకు సంజాయిషీ ఇవ్వను. పోయిన వారం ఇక్కడి వర్తకుల సంఘం పిలిచింది. పోయాను. మైకు తీసుకుని, ఈ ఇసుక గొంతుతోనే, "నిన్న మీ దుకాణానికొచ్చి ఏమీ కొనకుండ పోయినోళ్లెవలు?" అని అడిగి, మైకు ముందు వరుసలో ఉన్న మనిషికి ఇచ్చి కూర్చున్నాను. ఆయన దాన్ని పక్కవాళ్లకు అందించాడు, వాళ్లు ఇంకొకరికి. అప్పుడు గాజుల దుకాణం రామమ్మ లేచింది. తన దగ్గరికి వచ్చి పోయిన ముసలమ్మ గురించి చెప్పింది. ఆ ముసలమ్మ ఆ తర్వాత తన దుకాణానికి వచ్చిందని వెనుక వరుసలో ఒకాయన అన్నాడు. ఇక మైకు నా దగ్గరికి తిరిగి రాలేదు. అన్నాలు చల్లారిపోయాయి. వంటవాళ్లు తిట్టుకున్నారు.

నేను ఆ రోజు ఎంత బాగా చేశానో నాకు తెలుసు. చప్పట్లు ఒక్కటి కూడా పడలేదు.

సోమవారం మొదటి బస్సుకు బయలుదేరి దేవరకొండ మీదుగా వస్తాను. ముందు కేతేపల్లి హోటల్‌కు పోదాం. జీతం సంగతి మీ అత్తతో మాట్లాడుకో, నాకంటే గట్టిగా బేరం చేస్తుంది. గది బయట బోర్డు రాయిస్తే నీ పేరు ఒక్కటే రాయించు. నన్ను ఎవరైనా అడిగితే, మేడం దగ్గర పని చేస్తానని నేనే చెప్పుకుంటాను.

మల్లికార్జున్